ఏఎన్‌ఏ ప్రొఫైల్ పదిహేను గీతలు: స్క్లెరోడెర్మాకి ఏ గీత పనికొస్తుంది, ఏ గీత అసలు లేదు

హైదరాబాద్‌లో పంజగుట్ట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఏ డయాగ్నస్టిక్ సెంటర్‌కెళ్లి "ఏఎన్‌ఏ చేయించాలి" అన్నా కౌంటర్ దగ్గర ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "ఏది సార్, ఎలైజానా, ఐఎఫ్ఫా, ప్రొఫైలా?" ఏఎన్‌ఏ అంటే సొంత కణాల కేంద్రకం మీదే శరీరం తయారుచేసుకునే యాంటీబాడీలు. చీటీ మీద ఆ మూడక్షరాలే ఉంటే జవాబు పేషెంటే చెప్పాలి. అప్పుడు చవగ్గా ఉందని ఎలైజాకి డబ్బు కట్టేవాళ్లు కొందరు, "అన్నీ అందులోనే వస్తాయి" అనే మాట విని ప్రొఫైల్‌కి కట్టేవాళ్లు కొందరు. సిస్టమిక్ స్క్లెరోసిస్, అంటే చర్మం, లోపలి అవయవాలు గట్టిపడే, వాడుకలో స్క్లెరోడెర్మా అనే జబ్బు, అనుమానం ఉన్నవాళ్లకి ఈ రెండూ మొదట కొనాల్సిన సరుకు కాదు.

ఈ సమీక్ష ఫలానా ల్యాబ్ మంచిదా కాదా అని తేల్చడానికి కాదు. కౌంటర్ మీద అమ్మే నాలుగు రకాల పరీక్షల గురించి: ఏఎన్‌ఏ ఎలైజా, ఏఎన్‌ఏ ఐఎఫ్ (ఇమ్యునోఫ్లోరసెన్స్), పదిహేను యాంటిజెన్ల (యాంటీబాడీలు అతుక్కునే పదార్థాల) ఏఎన్‌ఏ ప్రొఫైల్, స్క్లెరోడెర్మా ప్రొఫైల్. ల్యాబ్ బోర్డు ఏదైనా లోపల జరిగే పద్ధతి ఇంచుమించు ఒకటే. అసలు తేడా ఏ పద్ధతి, ఎవరు చూశారు, రిపోర్టులో ఏం రాశారు అన్న దగ్గరే వస్తుంది.

ముందు ఎవరికి ఈ పరీక్ష అన్నది. డిసెంబరు పొద్దున బండి మీద వెళ్తుంటేనో, మాదాపూర్ ఆఫీసు ఏసీలో కూర్చుంటేనో వేళ్లు తెల్లగా పాలిపోయి, నీలంగా మారి, వెచ్చబడ్డాక ఎర్రబడటం రేనాడ్స్. దానికి తోడు వేళ్లు ఉబ్బి ఉంగరం రాకపోవడం, చర్మం బిగుసుకుని చిటికెతో పట్టుకోడానికి అందకపోవడం, ముద్ద పట్టేంత నోరు తెరుచుకోకపోవడం, రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. ఇలాంటివి ఉంటే పరీక్ష అర్థవంతం. ఊరికే ఒళ్లు నొప్పులకి, నీరసానికి ఏఎన్‌ఏ చేయిస్తే తలనొప్పి కొనుక్కున్నట్టే. పూర్తి ఆరోగ్యవంతుల సీరంని, అంటే గడ్డకట్టిన రక్తం నుంచి వేరుపడే ద్రవాన్ని, 1:40 పలుచన దగ్గర చూస్తే దాదాపు మూడో వంతు మందిలో, 1:80 దగ్గర సుమారు 13 శాతంలో, 1:160 దగ్గర 5 శాతంలో ఏఎన్‌ఏ పాజిటివ్ వస్తుందని 1997లోనే తేలింది. పాజిటివ్ అన్న ఒక్క మాట చూసి భయపడాల్సిన పని లేదు.

2013లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి ఇచ్చిన కొలమానంలో మొత్తం 9 పాయింట్లు వస్తే స్క్లెరోడెర్మాగా వర్గీకరిస్తారు. రెండు చేతుల వేళ్ల చర్మం గట్టిపడి, అది వేళ్ల మొదటి కణుపులు దాటి అరచేతి వైపు పాకితే ఒక్కదానికే 9. లేకపోతే రేనాడ్స్‌కి 3, యాంటీబాడీకి 3, గోటి మొదట్లో రక్తనాళాల మార్పుకి 2, ఉబ్బిన వేళ్లకి 2, ఎర్ర చుక్కల్లా కనిపించే నాళాలకి 2, ఊపిరితిత్తుల జబ్బుకో ఊపిరి ధమనుల బీపీకో 2, ఇలా కూడుకుంటూ పోవాలి. లెక్కేసి చూడండి: రేనాడ్స్, యాంటీబాడీ, గోటి నాళాలు మూడూ ఉన్నా 8 దగ్గరే ఆగుతుంది. రక్తపరీక్ష ఎంత ఖరీదైనదైనా దాని వాటా 3 పాయింట్లే, అదీ మూడు యాంటీబాడీలకే: సెంట్రోమియర్, ఎస్‌సీఎల్-70, ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-3. ఈ మూడో పేరు గుర్తుపెట్టుకోండి, ఈ సమీక్ష అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఎలైజా: చవకే, కానీ

ఏఎన్‌ఏ ఎలైజాలోనూ, పెద్ద యంత్రాల్లో వెలుగును కొలిచి నడిచే సీఎల్ఐఏలోనూ కొన్ని యాంటిజెన్లను కలిపి ఒక గుంటలో పూస్తారు. సీరంలో వాటికి సరిపడే యాంటీబాడీ ఉంటే ఒక అంకె వస్తుంది. అంకె ఇంత దాటితే పాజిటివ్. మనిషి కన్ను అక్కర్లేదు, ఒకేసారి వందల శాంపిళ్లు నడుస్తాయి, అందుకే ధర తక్కువ. చిక్కల్లా పూతలో లేని యాంటిజెన్‌తోనే. స్క్లెరోడెర్మాలో ముఖ్యమైన కేంద్రకాంశపు (కేంద్రకం లోపలి చిన్న ముద్ద, న్యూక్లియోలస్) యాంటీబాడీలు, ఫైబ్రిల్లారిన్, టీహెచ్/టీఓ లాంటివి, చాలా కిట్ల పూతలో ఉండవు. రోగికి జబ్బు ఉంటుంది, రిపోర్టు నెగటివ్ వస్తుంది. ఏఎన్‌ఏకి ప్రామాణిక పద్ధతి హెప్-2 కణాల మీద ఇమ్యునోఫ్లోరసెన్సే అని అమెరికన్ రుమటాలజీ సంఘం స్పష్టంగా చెప్పింది. స్క్లెరోడెర్మా రోగుల్లో 90 శాతానికి పైగా ఆ పద్ధతిలో పాజిటివ్ అవుతారు. డబ్బు ఆదా చేసుకోవాలంటే వేరే దగ్గర చేసుకోవచ్చు. ఈ అనుమానం ఉన్నప్పుడు ఎలైజా వద్దు.

ఐఎఫ్: ఇక్కడే మొదలుపెట్టాలి

మనిషి కంతి నుంచి పెంచిన హెప్-2 కణాలను గాజు స్లైడ్ మీద పరిచి ఉంచుతారు. సీరంని 1:80కో 1:100కో పలుచన చేసి ఒక చుక్క వేసి అరగంట ఉంచుతారు, కడుగుతారు, మెరిసే రంగు తగిలించిన రెండో యాంటీబాడీ వేసి ఇంకో అరగంట, మళ్లీ కడుగుతారు. తర్వాత చీకటి గదిలో ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు కింద ఆకుపచ్చగా ఎక్కడ మెరుస్తోందో చూస్తారు. మెరుపు ఉందా లేదా అన్నది సగం పనే. అసలు సమాచారం మెరిసే తీరులో, అంటే ప్యాటర్న్‌లో ఉంది.

సెంట్రోమియర్ ప్యాటర్న్ చూస్తే మర్చిపోరు. కణం కేంద్రకం నిండా సమాన సైజులో విడివిడి చుక్కలు, సుమారు 40 నుంచి 80 దాకా. విభజన దశలో ఉన్న కణంలో ఆ చుక్కలన్నీ మధ్యలో ఒక వరసలో నిలబడతాయి. అంతర్జాతీయ ప్యాటర్న్ల జాబితాలో దీని కోడ్ ఏసీ-3. ఇది స్పష్టంగా కనిపిస్తే సెంట్రోమియర్ యాంటీబాడీ ఉన్నట్టే, దాని కోసమే అదనంగా ప్రొఫైల్ కొనాల్సిన పని లేదు. ఎస్‌సీఎల్-70కి విడిగా ఏసీ-29 ఉంది. కేంద్రకమంతా సన్నని పొడి చల్లినట్టు మెరుస్తుంది, కేంద్రకాంశమూ తడిసినట్టు ఉంటుంది, విభజన కణంలో క్రోమోజోముల పట్టీ కూడా మెరుస్తుంది. కేంద్రకాంశం ఒక్కటే నునుపుగా మెరిస్తే ఏసీ-8, దాని వెనక పీఎం-ఎస్‌సీఎల్‌గానీ టీహెచ్/టీఓగానీ ఉండొచ్చు. ముద్దలు ముద్దలుగా మెరిస్తే ఏసీ-9, ఫైబ్రిల్లారిన్ వైపు చూపు. చిన్న బిందువులుగా మెరిస్తే ఏసీ-10, ఎన్ఓఆర్-90 వైపు.

కాబట్టి ఐఎఫ్ రిపోర్టులో ఉండాల్సినవి: పద్ధతి పేరు, ఏ పలుచన దగ్గర మొదలుపెట్టారు, ఎంత పలుచన దాకా మెరిసింది, ప్యాటర్న్ పేరు, వీలైతే ఏసీ కోడ్. "ఏఎన్‌ఏ ఐఎఫ్: పాజిటివ్, స్పెకిల్డ్, 2+" అని ఒక్క ముక్క రాసి ఇచ్చే రిపోర్టు సగం వండిన అన్నం లాంటిది. ఆ 2+ ఏ పలుచన దగ్గర? 1:100 దగ్గరా, 1:320 దగ్గరా? మన ఊళ్లో రెండో రకం రిపోర్టులు ఇంకా ఎక్కువే కనిపిస్తాయి. డబ్బు కట్టేముందే "ఎండ్ టైటర్ (ఎంత పలుచన దాకా మెరిసిందో) ఇస్తారా, ప్యాటర్న్ కోడ్ రాస్తారా" అని అడిగితే కౌంటర్‌లో ఉన్నవాళ్లకి తెలియకపోవచ్చు, లోపలికి ఫోన్ చేసి కనుక్కోమనండి. ల్యాబులకి గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ ముద్ర కూడా అంతే. బోర్డు మీద ముద్ర ఉన్నంత మాత్రాన లోపల చేసే ప్రతి పరీక్షకీ గుర్తింపు ఉన్నట్టు కాదు. గుర్తింపు పరీక్షల వారీగా ఇస్తారు, ఆ జాబితా ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో ల్యాబ్ పేరు కొడితే దొరుకుతుంది. ఆ జాబితాలో ఏఎన్‌ఏ ఐఎఫ్ ఉందో లేదో చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

పదిహేను గీతల స్ట్రిప్

ఇప్పుడు అందరూ "ప్రొఫైల్" అనేదానికి వద్దాం. ఇది వేలి వెడల్పు కూడా లేని సన్నని కాగితం పట్టీ లాంటిది. దాని మీద అడ్డంగా కంటికి కనిపించని గీతలుగా ఒక్కో యాంటిజెన్‌నీ అచ్చు వేసి ఉంచుతారు. 1:101 పలుచన చేసిన సీరం ఒకటిన్నర మిల్లీలీటరు తొట్టెలో పోసి పట్టీని ముంచి అరగంట ఊపుతారు. మూడుసార్లు ఐదేసి నిమిషాలు కడుగుతారు. ఎంజైమ్ తగిలించిన యాంటీబాడీ వేసి మరో అరగంట, మళ్లీ మూడు కడుగుళ్లు, ఆపైన రంగు ద్రావణం పది నిమిషాలు. యాంటీబాడీ అతుక్కున్న చోట ముదురు గీత తేలుతుంది. ఆరబెట్టి స్కానర్‌లో పెడితే ఒక్కో గీత ముదురుదనానికీ ఒక అంకె వస్తుంది. చివర కంట్రోల్ గీత ఒకటి ఉంటుంది, అది రాకపోతే పరీక్షే చెల్లదు.

జర్మనీ కంపెనీ యూరోఇమ్యూన్ తయారుచేసే ఏఎన్‌ఏ ప్రొఫైల్-3 ఈ రకంలో బాగా తెలిసింది. అందులో ఉన్న పదిహేను: ఎన్‌ఆర్‌ఎన్‌పీ/ఎస్‌ఎం, ఎస్‌ఎం, ఎస్‌ఎస్-ఏ, ఆర్ఓ-52, ఎస్‌ఎస్-బీ, ఎస్‌సీఎల్-70, పీఎం-ఎస్‌సీఎల్, జేఓ-1, సెన్ప్-బీ, పీసీఎన్‌ఏ, డబుల్ స్ట్రాండెడ్ డీఎన్‌ఏ, న్యూక్లియోజోములు, హిస్టోన్లు, రైబోసోమల్-పీ, ఏఎంఏ-ఎం2. లూపస్, షోగ్రెన్స్ లాంటి వేరే ఆటోఇమ్యూన్ జబ్బులు వెతికేవాళ్లకి ఇది మంచి పనిముట్టు, అందులో సందేహం లేదు. స్క్లెరోడెర్మా కళ్లతో చూస్తే సూటిగా పనికొచ్చేవి ఎస్‌సీఎల్-70, సెన్ప్-బీ, పీఎం-ఎస్‌సీఎల్, ఎన్‌ఆర్‌ఎన్‌పీ. పక్క సమాచారం కోసం ఆర్ఓ-52, ఏఎంఏ-ఎం2.

ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-3 ఇందులో లేదు. ఫైబ్రిల్లారిన్ లేదు, టీహెచ్/టీఓ లేదు.

అంటే మూడు పాయింట్లు తెచ్చే మూడు యాంటీబాడీల్లో రెండిటినే ఈ పట్టీ పట్టుకుంటుంది. పైగా వదిలేసిన మూడోది కిడ్నీకి హఠాత్తుగా ముప్పు తెచ్చేది. చర్మం నెలల్లోనే మోచేతులు, ఛాతీ దాకా బిగుసుకుపోతున్న మనిషికి ఐఎఫ్‌లో సన్నని స్పెకిల్డ్ మెరుపు వచ్చి, ప్రొఫైల్‌లో పదిహేను గీతలూ నెగటివ్ వస్తే, "యాంటీబాడీలు ఏమీ లేవు, మంచిదే" అని ఇంటికి పోకూడదు. సరిగ్గా ఆ వ్యక్తికే పాలిమరేజ్-3 విడిగా చేయించాలి. ప్రొఫైల్ రిపోర్టు చివర "పరీక్షించిన యాంటిజెన్లకు మాత్రమే వర్తిస్తుంది" అని సన్నక్షరాల్లో ఉంటుంది. దాన్ని పెద్దక్షరాల్లో వేయాల్సింది.

పట్టీకి రెండో బలహీనత ఎస్‌సీఎల్-70 గీత. స్కానర్ అంకె 5 దాకా నెగటివ్, 6 నుంచి 10 సందేహం, 11 నుంచి 25 ఒక ప్లస్, 26 నుంచి 50 రెండు ప్లస్‌లు, ఆపైన మూడు. మూడు ప్లస్‌ల ఎస్‌సీఎల్-70 వచ్చి, ఐఎఫ్‌లో కూడా దానికి తగ్గ ప్యాటర్న్ గట్టిగా ఉంటే నమ్మొచ్చు. 12 లాంటి అంకెతో ఒక ప్లస్ వచ్చి, ఐఎఫ్ నెగటివ్ అయి, వేళ్లు మామూలుగా ఉంటే అది అబద్ధపు పాజిటివ్ అయ్యే అవకాశమే ఎక్కువ. గీతల పరీక్షలన్నిటికీ ఉన్న జబ్బే ఇది, ఏదో ఒక కంపెనీది కాదు. వేరే పద్ధతిలో, ఎలైజాలోనో డబుల్ డిఫ్యూజన్‌లోనో, సరిచూడాలి. ఆ పని చేయకుండా ఇంటర్నెట్ తెరిచి స్క్లెరోడెర్మా ఫొటోలు చూస్తూ నిద్ర పోగొట్టుకునేవాళ్లు చాలామంది. ఇంకో గుర్తు కూడా ఉంది. స్క్లెరోడెర్మా యాంటీబాడీలు ఒక మనిషిలో సాధారణంగా ఒకటే ఉంటుంది. సెంట్రోమియర్, ఎస్‌సీఎల్-70, పీఎం-ఎస్‌సీఎల్ మూడూ ఒకే పట్టీ మీద తలో ప్లస్‌తో వెలిస్తే ముందు పట్టీనే అనుమానించాలి.

ఆ పేరు సంగతి ఒకటి. ఎస్‌సీఎల్-70 అంటే స్క్లెరోడెర్మా, 70 కిలోడాల్టన్లు అని. అసలు ఆ ప్రోటీన్, టోపోఐసోమరేజ్-1, బరువు సుమారు 100. తొలిసారి దొరికింది అరిగిపోయిన ముక్క కాబట్టి 70 అనిపించింది. తప్పు దిద్దారు గానీ పేరు మారలేదు. ఒక ల్యాబ్ ఎస్‌సీఎల్-70 అని, ఇంకో ల్యాబ్ యాంటీ టోపో-1 అని రాస్తే రెండు వేర్వేరు పరీక్షలనుకుని రెండుసార్లు డబ్బు కట్టొద్దు.

స్క్లెరోడెర్మా ప్రొఫైల్

అదే కంపెనీది సిస్టమిక్ స్క్లెరోసిస్ కోసం వేరే పట్టీ ఉంది, పదమూడు గీతలు: ఎస్‌సీఎల్-70, సెన్ప్-ఏ, సెన్ప్-బీ, ఆర్‌పీ-11, ఆర్‌పీ-155, ఫైబ్రిల్లారిన్, ఎన్ఓఆర్-90, టీహెచ్/టీఓ, పీఎం-ఎస్‌సీఎల్-100, పీఎం-ఎస్‌సీఎల్-75, కేయూ, పీడీజీఎఫ్ఆర్, ఆర్ఓ-52. స్క్లెరోడెర్మా అనుమానం గట్టిగా ఉంటే డబ్బు పెట్టాల్సింది దీని మీదే. ఇక్కడ పాలిమరేజ్-3 అన్న పేరు ఎక్కడా కనిపించదు. ఆర్‌పీ-11, ఆర్‌పీ-155 అనేవే అది, ఆ ఎంజైమ్‌లోని రెండు ముక్కలు. రిపోర్టులో ఆర్‌పీ-155కి మూడు ప్లస్‌లున్నా "పాలిమరేజ్-3 చేయలేదు కదా" అనుకుని మళ్లీ రాయించుకునే అవకాశం ఉంది.

దీని లోపాలు కూడా చెప్పాలి. ఐఎఫ్‌లో కేంద్రకాంశపు మెరుపే లేకుండా ఫైబ్రిల్లారిన్, ఎన్ఓఆర్-90, టీహెచ్/టీఓ గీతలు ఒక ప్లస్‌తో వస్తే వాటికి విలువ తక్కువ. పీడీజీఎఫ్ఆర్ గీత ఒంటరిగా వస్తే దాని ఆధారంగా ఏ నిర్ణయమూ తీసుకోనక్కర్లేదు, అది ఇంకా పరిశోధన సరుకే. పైగా ఈ పట్టీ వాడకం తక్కువ కాబట్టి అన్ని ల్యాబులూ ఇక్కడే చేయవు, శాంపిల్‌ని ఢిల్లీకో ముంబైకో తమ పెద్ద ల్యాబ్‌కి పంపుతాయి. రిపోర్టు ఆలస్యమవుతుంది. తొందరగా పాలిమరేజ్-3 ఒక్కటే కావాలంటే విడి ఎలైజా అడగాలి. ఎలైజా వద్దని పైన అన్నది ఏఎన్‌ఏ జల్లెడకి. ఒక్క యాంటీబాడీని గురిపెట్టి చూసే ఈ ఎలైజా మంచి పరీక్ష.

మరి కొనే వరస ఇది: ముందు ఐఎఫ్. సెంట్రోమియర్ ప్యాటర్న్ వస్తే అక్కడితో ఆగొచ్చు. వేరే ప్యాటర్న్ వచ్చి, లక్షణాలు స్క్లెరోడెర్మావైతే నేరుగా పదమూడు గీతల పట్టీ. లూపస్ లాంటివి కలిసి ఉన్నాయన్న అనుమానం ఉంటేనే పదిహేను గీతలది. ఐఎఫ్ చేసిన సీరంనే వాడి మిగతావి చేసే సదుపాయం కొన్ని ల్యాబుల్లో ఉంది, మళ్లీ సూది అక్కర్లేదు. మిగిలిన సీరం ఎన్ని రోజులు దాచుతారో అడగండి. "ఆర్థరైటిస్ ప్యాకేజీ" అని ఆర్ఏ ఫ్యాక్టర్, ఏఎస్ఓ, యూరిక్ యాసిడ్, విటమిన్-డీ కట్టగట్టి ఆఫర్‌లో అమ్మేది ఈ జబ్బుకి దాదాపు వృథా.

శాంపిల్ దగ్గర జరిగే పొరపాట్లు

పరగడుపున వెళ్లాల్సిన పని లేదు, కాకపోతే నెయ్యి కారే బిర్యానీ తిన్న గంటకి ఇచ్చిన రక్తంలో సీరం పాలలా ఉంటుంది, అది పట్టీల మీద చదవడానికి ఇబ్బంది. కావాల్సింది సీరం, కాబట్టి ఎర్ర మూత లేదా పసుపు మూత ట్యూబు, మూడు నుంచి ఐదు మిల్లీలీటర్లు. సీబీపీకి వాడే ఊదా మూత ట్యూబులో తీస్తే ల్యాబ్ తీసుకోకపోవచ్చు. చర్మం గట్టిపడిన చేతిలో నరం దొరకదు, సూది అటూ ఇటూ తిప్పితే ఎర్రకణాలు చితికి సీరం ఎర్రబారుతుంది. ఇంటికొచ్చి రక్తం తీసే అబ్బాయికి ముందే చెప్పి, చేతిని పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో పెట్టి, చిన్న సూది, అంటే బటర్‌ఫ్లై, తెమ్మనండి. ఏప్రిల్, మే ఎండల్లో బైకు మీద ఐస్ బాక్స్ లేకుండా ఊరంతా తిరిగే శాంపిల్ కన్నా సెంటర్‌కి వెళ్లి ఇచ్చేది మేలు. స్టెరాయిడ్లు, మైకోఫినోలేట్ లాంటి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నా పరీక్ష కోసం మానకూడదు. జుట్టు రాలకుండా వేసుకునే బయోటిన్ మాత్రల సంగతి వేరు. ఏఎన్‌ఏ ఐఎఫ్‌కి వాటితో పేచీ లేదు గానీ, అదే రోజు ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ (గుండె మీద ఒత్తిడి చూపే పరీక్ష), థైరాయిడ్ కూడా ఇస్తుంటే కొన్ని యంత్రాల్లో అంకెలు తారుమారవుతాయి. రెండు మూడు రోజుల ముందే ఆపాలి.

రిపోర్టు చేతికొచ్చాక

యాంటీబాడీ పేరు తెలిసినందుకు అసలు లాభం, ఏ అవయవం మీద కన్నేసి ఉంచాలో తెలియడం. మన దేశపు రోగుల్లో సెంట్రోమియర్ కన్నా ఎస్‌సీఎల్-70 ఎక్కువగా కనిపిస్తుంది, కాబట్టి దానితో మొదలుపెడదాం.

ఎస్‌సీఎల్-70 ఉన్నవాళ్లకి ఊపిరితిత్తులు గట్టిపడే ఐఎల్‌డీ ముప్పు ఎక్కువ, వేలి కొసల పుండ్లు కూడా. ఛాతీ ఎక్స్‌రే బాగుందని ఊరుకోకూడదు, మొదట్లో వచ్చే మార్పు అందులో కనిపించదు. జబ్బు తేలిన వెంటనే ఒక హెచ్‌ఆర్‌సీటీ (సన్నని పొరలుగా తీసే ఛాతీ సీటీ స్కాన్), దానితోపాటు ఊపిరితిత్తుల పనితీరు చూసే పీఎఫ్‌టీలో ఎఫ్‌వీసీ (గట్టిగా ఊది బయటికి వదలగలిగే గాలి), డీఎల్‌సీఓ (ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు చేరే సామర్థ్యం) రెండూ. చాలా సెంటర్లలో స్పైరోమెట్రీ ఒక్కటే చేసి పీఎఫ్‌టీ అని రాస్తారు, అందులో డీఎల్‌సీఓ ఉండదు. అడిగి కట్టాలి. నోరు సరిగ్గా తెరుచుకోనివాళ్లకి గొట్టం చుట్టూ పెదవులు బిగియక గాలి కారిపోతుంది, ఎఫ్‌వీసీ లేని పతనం చూపిస్తుంది. చిన్న మౌత్‌పీస్ ఉందా అని అడగండి. ప్రతిసారీ అదే సెంటర్‌లో, అదే యంత్రం మీద చేయించుకోండి. ఎఫ్‌వీసీ 10 శాతం తగ్గితే, లేదా 5 నుంచి 9 శాతం తగ్గి డీఎల్‌సీఓ కూడా 15 శాతం పడితే అది నిజమైన దిగజారుడు. మైకోఫినోలేట్, 2019 ట్రయల్ తర్వాత వచ్చిన నింటెడానిబ్ లాంటి మందుల మాట అప్పటికైనా రావాలి. వేలికి తొడిగే ఆక్సీమీటర్ మాత్రం ఈ జబ్బులో నమ్మదగ్గది కాదు. చల్లబడిన వేలిలో రక్తం ఆడక 85 చూపించి ఇంటిల్లిపాదినీ హడలగొడుతుంది. చెవి తమ్మెకో నుదుటికో పెట్టే రకంతో కొలవాలి.

సెంట్రోమియర్ ఉన్నవాళ్లది నెమ్మది జబ్బు. చర్మం వేళ్ల వరకే పరిమితమై ఏళ్లకేళ్లు నడుస్తుంది. ఆ నెమ్మదే మోసం చేస్తుంది. పదేళ్ల తర్వాత ఊపిరి ధమనుల బీపీ, పీఏహెచ్, చప్పుడు లేకుండా రావచ్చు. ఏడాదికోసారి ఎకో, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ, డీఎల్‌సీఓ. ఎఫ్‌వీసీ బాగానే ఉండి డీఎల్‌సీఓ ఒక్కటే పడిపోతుంటే అది ఊపిరితిత్తి కన్నా దాని రక్తనాళాల గొడవ అనుకోవాలి. మూడేళ్లు దాటిన జబ్బుతో డీఎల్‌సీఓ 60 శాతం కన్నా తక్కువ ఉన్నవాళ్ల కోసం 2014లో వచ్చిన డిటెక్ట్ అనే లెక్క ఉంది. అందులో సెంట్రోమియర్ యాంటీబాడీ, యూరిక్ యాసిడ్, ఈసీజీ, ఎర్ర చుక్కలు కూడా పాయింట్లే. ఎకో అనుమానం రేపుతుందే తప్ప తేల్చదు, తేల్చేది గుండె కుడివైపు క్యాథటర్ పరీక్షే. కళ్లు, నోరు ఎండిపోవడం, ప్రొఫైల్‌లో ఏఎంఏ-ఎం2 గీత ఉంటే షోగ్రెన్స్, కాలేయంలో పిత్తనాళాలు దెబ్బతినే పీబీసీ కోసం కూడా చూస్తారు.

పాలిమరేజ్-3 వచ్చిందంటే ఇంట్లో భుజానికి కట్టే ఆటోమేటిక్ బీపీ మిషన్ ఆ రోజే కొనాలి. చర్మం వేగంగా గట్టిపడే మొదటి మూడు నాలుగేళ్లలో కిడ్నీ సంక్షోభం, అంటే హఠాత్తుగా బీపీ పెరిగి కిడ్నీలు దెబ్బతినడం, వచ్చే ముప్పు ఎక్కువ. వారానికి కనీసం రెండుమూడుసార్లు కొలిచి పుస్తకంలో రాయాలి. 140/90 దాటిందా లేదా అని కాదు, మీ మామూలు అంకె కన్నా ఎంత పెరిగింది అన్నది చూడాలి. ఎప్పుడూ 105/65 ఉండే మనిషికి 138/88 వస్తే కాగితం మీద నార్మలే, ఈ జబ్బులో మాత్రం ప్రమాద ఘంటిక. పై అంకె 30, కింది అంకె 20 పెరిగితే మర్నాటి ఓపీ దాకా ఆగకుండా అదే రోజు క్రియాటినిన్, యూరిన్, సీబీపీ చేయించి డాక్టరుతో మాట్లాడాలి. కొద్దిమందిలో బీపీ పెరగకుండానే వస్తుంది కాబట్టి తలనొప్పి, చూపు మసక, మూత్రం తగ్గడం కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏసీఈ ఇన్‌హిబిటర్ అనే బీపీ మందులు వేగంగా మొదలుపెడితే కిడ్నీ నిలబడే అవకాశం ఎక్కువ. సంక్షోభం రాకముందే ముందుజాగ్రత్తగా వాటిని వేసుకోవడం వల్ల మాత్రం మేలు లేదు. రోజుకి 15 మిల్లీగ్రాములు దాటిన ప్రెడ్నిసొలోన్ ఈ ముప్పును పెంచుతుంది. కీళ్ల నొప్పులకని మందుల షాపులో స్టెరాయిడ్ అడిగి తెచ్చుకునే అలవాటు ఎవరికున్నా ఈ యాంటీబాడీ ఉన్నవాళ్లకి ఉండకూడదు. జబ్బు మొదలైన కాలంలోనే క్యాన్సర్ బయటపడే అవకాశం కూడా ఈ గుంపులో ఎక్కువ, వయసుకు తగ్గ స్క్రీనింగ్, ఆడవాళ్లకి మామోగ్రామ్‌తో సహా, వాయిదా వేయొద్దు.

మిగతావి క్లుప్తంగా. పీఎం-ఎస్‌సీఎల్, కేయూ వస్తే కండరాల జబ్బు తోడుండొచ్చు, కండరాలు దెబ్బతింటే పెరిగే సీపీకే చేయించాలి. ఎన్‌ఆర్‌ఎన్‌పీ వస్తే కొన్ని ఆటోఇమ్యూన్ జబ్బుల లక్షణాలు కలిసిన మిశ్రమ జబ్బు, ఎంసీటీడీ, కావొచ్చు. ఫైబ్రిల్లారిన్, టీహెచ్/టీఓ రెండూ పీఏహెచ్ వైపు చూపిస్తాయి. ఆర్ఓ-52 వేరేదానితో కలిసి వస్తే ఐఎల్‌డీ కోసం ఇంకాస్త జాగ్రత్త. రాళ్లు కొట్టే, గ్రానైట్ కోసే పనిలో ఏళ్లు గడిపినవాళ్లలో సిలికా దుమ్ము వల్ల కూడా ఈ జబ్బు వస్తుంది కాబట్టి వృత్తి ఏమిటో డాక్టరుకి చెప్పాలి.

గోటి మొదట్లోని నాళాలను చూసే క్యాపిల్లరోస్కోపీకి సూదీ లేదు, రేడియేషనూ లేదు, పది నిమిషాల పని. పంజగుట్ట నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది, ప్రైవేటులోనూ రుమటాలజిస్టులున్నారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఈ పరీక్ష చేస్తారా అని అడగండి. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్న వారంలో మాత్రం వెళ్లకండి, చర్మం ఎర్రగా పండి కింద నాళాలు కనిపించవు. నెయిల్ పాలిష్ తీసేసి, గోటి చర్మం కత్తిరించకుండా వెళ్లి, ఏసీ గదిలో కాసేపు కూర్చుని చేతులు సర్దుకున్నాక చేయించుకోవాలి.

యాంటీబాడీ పరీక్ష జీవితంలో ఒక్కసారి సరిగ్గా చేయించుకుంటే చాలు. మందులతో జబ్బు తగ్గినంత మాత్రాన సాధారణంగా గీత మాయమవదు, అంకె తగ్గిందని జబ్బు తగ్గినట్టూ కాదు. ఆరు నెలలకోసారి ప్రొఫైల్ రాసిచ్చే చోట "ఇంతకుముందుది ఉంది, మళ్లీ ఎందుకు" అని అడగడానికి మొహమాటపడొద్దు. ఆ డబ్బు పీఎఫ్‌టీకి కట్టండి. పాత రిపోర్టు అసలు కాపీ, స్కానర్ అంకెలున్న రెండో పేజీతో సహా, ఫైల్లో మొట్టమొదటి కవర్‌లో పెట్టుకోండి. ఫోన్లో ఫొటో తీసేటప్పుడు చాలామంది ఆ రెండో పేజీనే వదిలేస్తారు.